ధ్రువం మట్టి, ఇచ్చోడ రేగడి

“మట్టికి కాపలానా సార్?” అన్నాడు హారిస్.

చీఫ్ నవ్వలేదు. “ఆర్కిటిక్ సముద్రం అడుగు మట్టి, ఏజెంట్ ట్వెంటీ సెవెన్. ఏ పొరలో ఎంత సేంద్రియ పదార్థముందో చూస్తే కింద గ్యాస్ ఎక్కడుందో చెప్పొచ్చు. విదేశీ ముఠా కన్ను పడింది. కూలింగ్ బాక్స్ బయట ఇరవై నిమిషాలుంటే శాంపిల్ ఖతం. కరీంనగర్ నుంచి నాగపూర్ చేర్చు. నర్మద తోడొస్తుంది.”

ఆఫీసులో అతన్ని హారిస్ అని పిలిచేది నర్మద ఒక్కతే. ఇంట్లో భార్య హుస్నాకి అతను సౌదీలో, దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. 

ఇచ్చోడలో చాయ్‌కి ఆగారు. వాన. హారిస్ ఇల్లు కిలోమీటరే. పెట్టుడు గడ్డంతో ఇంటికెళ్లే మలుపు వైపు చూస్తూ పావుగంట నిలబడిపోయాడు పాపం. ఆరేళ్లయింది అటు అడుగుపెట్టి.

కారు దగ్గరికి తిరిగొచ్చేసరికి, బాక్స్ మూత తెరిచి పద్దెనిమిది నిమిషాలైందని మీటర్ చూపిస్తోంది. తను తెరవలేదే! 

లోపలి ట్యూబ్ మూతకి నల్లమట్టి. వేళ్ల మధ్య నలిపాడు. ఒకటే జిగురు, మధ్యలో తెల్లటి సున్నపు పలుకులు. పత్తిచేలల్లో కాళ్లకంటించుకుని పెరిగినవాడు ఎలా మరిచిపోతాడు! ఇది ధ్రువం మట్టి కాదు, ఇచ్చోడ రేగడి.

తలెత్తాడు. నర్మద హైహీల్స్ నిండా అదే రేగడి. మనిషి తడిసి ముద్దవుతోంది, చేతిలో గొడుగు మాత్రం మూసే ఉంది.

“గొడుగు తెరవరాదు నర్మదా?”

ఆమె లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. పోయినేడు ఆమెకిచ్చింది అతనే.

“అసలు ట్యూబ్ గీ గొడుగులనే ఉంది. ముఠా కారొస్తుంది, నువ్వు గూడ రా హారిస్. నేను గాక నీకెవరున్నరు?”

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అందులో అబద్ధమేం లేదు మరి; హుస్నాకి తెలిసింది ఆ ఏసీ మెకానిక్ ఒక్కడే.

“ఎవ్వరు లేరు,” అంటూ ముందుకు అడుగేశాడు. ఆమె వెనక్కి జరగబోయింది. రేగడి మడమ వదల్లేదు. వెల్లకిలా పడింది, తూటా ఆకాశంలోకి పోయింది. గొడుగు కర్రలోంచి ట్యూబ్ లాగి బాక్స్‌లో పెట్టేసరికి పది సెకన్లే మిగిలాయి. అతను కబురందిస్తే పోలీసులు ముఠా కారుని చెక్‌పోస్టులో పట్టుకున్నారు.

పోలీసు జీపెక్కుతూ నర్మద అతని వైపు చూడనైనా లేదు. ఇక హారిస్ అని పిలిచేవాళ్లు లేరు.

ఫోన్ మోగింది. హుస్నా.

“ఈడ ఒకటే వాన జీ. ఆడెట్లుంది?”

“ఎండ దంచుతుంది.”

“మరి ఆ చప్పుడేంది?”

తడిసిన గడ్డం ఊడి హారిస్ చేతిలోకొచ్చింది. “ఏసీ ఖరాబైంది. నీళ్లు కారుతున్నయి.”

“మెకానిక్ మీరేనాయె,” నవ్వింది హుస్నా. “జర మంచిగ చేసుకోరాదు?”