బాపు చెప్పినంత దూరం

ఛత్రినాకలోని ఆ చిన్న ఇంట్లో ఎప్పటిలాగే తెల్లారింది. మొక్కలకు నీళ్లు పోయడానికి మేడ మీదికొచ్చిన వెస్లీ బకెట్ దించి నిలబడిపోయాడు. రాత్రి తను ఆకాశం వైపు ఎత్తి, గుడ్డ కప్పి, తాడు కట్టిన టెలిస్కోప్ కిందికి వంగి ఉంది. దాని గొట్టం మేడ గది కిటికీలోంచి సూటిగా అమ్మ మంచాన్ని చూస్తోంది. గుడ్డ మడతపెట్టి పిట్టగోడ మీద ఉంది. ఇలా జరగడం వరసగా ఇది మూడో రోజు.

అది తండ్రి ఆనందరావుది. మోటార్లతో తిరిగే యంత్రం. చేతిలో ఇమిడే రిమోట్ మీద మీటలు నొక్కితే చుక్కల వైపు కదులుతుంది. బస్సు డ్రైవర్‌గా రిటైరయ్యాక ఆయన దాని దగ్గరే బతికాడు. కొడుకుతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

వెస్లీ కిందికొచ్చి చెప్పగానే భార్య భాగ్యశ్రీ ముఖం పాలిపోయింది.

"తెల్లారకముందు మోటర్ సప్పుడు నేను గూడ విన్న. నాకు భయమైతుంది. ఎవరికన్న ఇచ్చెయ్యి."

"రేపే చాంద్రాయణగుట్ట బడిల సారుకు ఇచ్చేస్త."

చాయ్ వడపోస్తున్న తల్లి మాణిక్యమ్మ తలెత్తలేదు. "అది యాడికి పోదు," అంది.

"మరి రోజు దాన్ని ఎవరు తిప్పుతున్నరమ్మా?"

ఆమె చాయ్ గ్లాసు అతని ముందు పెట్టి పొయ్యి వైపు తిరిగింది.

మర్నాడు ఇంకా చీకటుండగానే మోటారు గురగురకు వెస్లీకి మెలకువొచ్చింది. చెప్పులు లేకుండా మెట్లెక్కాడు. పైన రిమోట్ మీటలు ఎర్రగా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో అమ్మ ముఖం ఒక్కటే గాల్లో తేలుతున్నట్టుంది. కళ్లు మూసుకుని, పక్కనెవరో చెబుతుంటే వింటున్నట్టు తల వంచింది.

"కుడికా? సరే... ఇంకా కిందికా?"

మీట నొక్కింది. గొట్టం మెల్లగా వంగి, ఆమె మంచం వైపు తిరిగి ఆగింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవమ్మా?"

ఆమె ఉలిక్కిపడలేదు. "మీ బాపుతోని. ఆయన చేతులు వణుకుడు షురువైనంక రెండేండ్లు మీటలు నేనే నొక్కిన. ఆయన కన్ను పెట్టి చెప్పెటోడు. కొడుక్కు తెల్వనియ్యకు, చేతగానోన్ననుకుంటడు అన్నడు."

"నాకు చెప్తే నేను రాకపోదునా?"

"ఎన్నడన్న పైకొచ్చి అడిగినవా?"

వెస్లీ ఆమె పక్కకొచ్చాడు. మెల్లగా అడిగాడు. "ఇప్పుడేం చెప్తున్నడు?"

"రోజు నా మంచం కాడ్నే ఆపమంటున్నడు." ఆమె కిటికీలోంచి మంచం వైపు చూసింది. "నన్ను రమ్మంటున్నడేమో బిడ్డా."

దూరంగా మసీదులో అజాన్ మొదలైంది. వెస్లీ వెళ్లి తండ్రి కూర్చునే స్టూలు మీద కూర్చుని గొట్టానికి కన్ను ఆనించాడు.

"ఇయ్యాల నేను చెప్త. నువ్వు నొక్కు. పైకి... ఇంకా పైకి. ఎడమకు. మెల్లగ."

గొట్టం కిటికీని వదిలి, ఇళ్ల కప్పులు దాటి, తూర్పున వేగుచుక్క దగ్గర ఆగింది. వెస్లీ లేచి అమ్మను కూర్చోబెట్టాడు.

"నాకెందుకు? నొక్కుడే నా పని. ఎన్నడు చూడలే."

"చూడు."

ఆమె చూసింది. చుక్క అనుకున్నది చిన్న నెలవంకలా ఉంది. ఆమె కన్ను తియ్యలేదు.

"బాపు ఏమన్న అంటున్నడా?" మెల్లగా అడిగాడు వెస్లీ.

ఆమె చెవి ఒగ్గి విన్నది. "లేదురా," అంది. "ఏం ఇనొస్తలేదు."

శ్మశానంలోనూ ఏడవని మాణిక్యమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, వీధి మేలుకునేలా ఏడ్చింది.