మూడు గంటలు ముందొచ్చిన చావు

మ్యూజియం మెట్ల మీద, రహస్య సమాచారం తెస్తున్న కొరియర్ ఒక్క తూటాకే ఒరిగిపోయాడు. అతనికి కాపలాగా వెళ్ళాల్సిన ఏజెంట్లు అప్పటికింకా బయల్దేరనే లేదు.

"చెప్పిన టైముకి మూడు గంటలు ముందొచ్చాడు. వాడి అజాగ్రత్తే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిసకు ఆ మాట మింగుడుపడలేదు. "సార్, వాడు తన పెళ్ళికే లేటుగా వచ్చిన మనిషి."

"అది తర్వాత చూద్దాం. శత్రు ముఠా సైంటిస్టు ఒకాయన తప్పించుకుని మనవైపు వస్తున్నాడు. సాయంత్రం ఐదుకి స్టేషన్ ముందు టాక్సీ దిగుతాడు. ఆయన పోతే మిసైల్ గుట్టంతా ఆయనతోనే పోతుంది. నువ్వూ, నెమలీ వెళ్ళండి."

నెమలి డబుల్ ఏజెంట్. ముఠా మనిషిలా నటిస్తూ వాళ్ళ రహస్యాలు మోసుకొస్తుంది. వచ్చే నెల ముంగిసకు భార్య కాబోతోంది.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఇద్దరూ స్టేషన్ ఎదుటి కేఫ్‌లో కూర్చున్నారు. అతను పెట్టుడు గడ్డంతో ఫొటోగ్రాఫర్ వేషంలో ఉన్నాడు. సిల్కు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలతో ఆమె పక్క టేబుళ్ళ వాళ్ళ మెడలు తిప్పిస్తోంది.

"బోలెడు టైముంది. నింపాదిగా తాగు," అంది.

అతని చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అందరూ కళ్ళజోడు అంటారు.

"అన్నా, కొంప మునిగింది! మన సర్వర్ మీటింగ్ టైముని యూటీసీలో, అంటే ఈ దేశం టైముకి మూడు గంటలు వెనకుండే ప్రపంచ టైములో పంపుతుంది కదా? పక్కన అది యూటీసీ అని చెప్పే టైమ్ జోన్ గుర్తు ఉంటేనే ఫోను దాన్ని ఇక్కడి టైముకి మార్చుకుంటుంది. ఇప్పుడు సర్వర్ ఇచ్చే డేటాలో జోనే లేదు. ఉత్త రెండు గంటలని వస్తోంది. ఫోను ఇక్కడి రెండే అనుకుంటోంది! కొరియర్‌ని చంపింది అదే!"

"సైంటిస్టు ఫోను?" గొణిగాడు ముంగిస.

"అదీ అంతే. టాక్సీలో వచ్చేస్తున్నాడు. నువ్వు ఆర్డరిస్తే తప్ప నేను వెనక్కి మార్చలేను."

"జోన్ తీసేసిందెవరు?"

కళ్ళజోడు గొంతు తగ్గించాడు. "సర్వర్‌లోకి వెళ్ళే నీ సీక్రెట్ కీ వాడే తీశారన్నా."

ఆ కీ ముంగిస ఒక్క మనిషికే ఇచ్చాడు. తల తిప్పేలోగా టేబుల్ కింద సైలెన్సర్ మూతి అతని పొట్టకు ఆనింది.

"ఇయర్‌పీస్ తీసి పెట్టు," అంది నెమలి.

తీసి పెట్టాడు. చొక్కా గుండీలో మైక్ ఉంది. ఆమెకు చెప్పని రహస్యం అదొక్కటే.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. నన్ను నీ దగ్గరికి పంపిందే వాళ్ళు."

"మరి నేను తొడిగిన ఉంగరం?"

"సైజు సరిపోయింది. అంతే."

మలుపులో టాక్సీ కనిపించింది. స్టేషన్ మెట్ల దగ్గర పూలమ్మేవాడు బుట్టలో చెయ్యి దూర్చాడు.

ముంగిస కప్పు పక్కకు నెట్టాడు. "కాఫీ చల్లారిపోయింది," అన్నాడు గట్టిగా.

ఆఫీసులో ఆ కోడ్‌కు అర్థం ఒక్కటే: మార్చిందంతా రద్దు చేసి పాత ప్రోగ్రామ్ ఎక్కించు.

టాక్సీ ఆగింది. తలుపు తెరుచుకుని ఒక బూటు కిందికి దిగింది. అప్పుడే సైంటిస్టు ఫోను మోగింది. చూసుకున్నాడు. మీటింగ్ ఐదింటికి! విసుక్కుంటూ బూటు లోపలికి లాక్కుని, పోనివ్వమన్నాడు. పూలబుట్టలోంచి పేలిన తూటా ఖాళీ ఫుట్‌పాత్‌ను తాకింది.

ఆ చప్పుడుకు నెమలి చూపు చెదిరింది. ముంగిస టేబుల్ ఎత్తి ఆమె మీదికి తోశాడు. కళ్ళజోడు పంపిన పోలీసులు వచ్చి ఆమెనూ, పూలవాణ్నీ ఒకే బండిలో ఎక్కించారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అతను బండి మలుపు తిరిగేదాకా చూశాడు.

ఇయర్‌పీస్ వెతికి మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

"అన్నా, కొత్త కీ పంపిస్తున్నా. దండం పెడతా, ఈసారైనా ఎవరికీ చెప్పకు."

ముంగిస పెట్టుడు గడ్డం పీకేశాడు.

"చెప్పుకోడానికి ఇంకెవరున్నార్రా?"