చీనీచెట్టు తూర్పు కొమ్మ

1958. కర్నూలు సీక్రెట్ సర్వీస్ ఆఫీసులో చీఫ్ ఒక చీనీపండు, అదే బత్తాయి, కోసి ఏజెంటు నరసింహ ముందు పెట్టాడు. అందులో ఒక్క గింజ లేదు.

“కమలాపురం దగ్గర ఓబులేసు తోటలో ఒకే చెట్టుకు, అందులోనూ ఒకే కొమ్మకు ఇవి కాస్తాయి. మిగతా కొమ్మలు మామూలే. దాని మొగ్గలు అంటుకడితే ఈ గుణం దిగుతుంది. డాక్టర్ ఫెర్గస్ ముఠా ఆ మొగ్గలు పట్టుకుని, చెట్టు తగలబెట్టి దేశం దాటాలని చూస్తోంది. ముఠాలో మన ఏజెంటు ఒకరున్నారు. కోడ్, వానలొస్తాయా. జవాబు, చీనీకి తడి చాలు.”

కోత అయిపోయి ఇప్పుడు చెట్టున కాయల్లేవు కదా, కొమ్మను గుర్తుపట్టేదెలా అని నరసింహ అడిగాడు. దిష్టి తగలకుండా దానికి పాత చెప్పు కట్టారని, ఆ సంగతి ముఠాకూ తెలుసని చీఫ్ చెప్పాడు.

నరసింహ బావిలో పూడిక తీసే కూలీ వేషంలో తోటకు చేరేసరికి ఓబులేసు కడపకు పోయాడు. మన హీరో తీరిగ్గా పడమటి కొమ్మకున్న చెప్పు విప్పి తూర్పు కొమ్మకు కట్టాడు. తన తెలివికి తానే మురిసిపోతూ, వేషానికి తగ్గట్టు తాడు పట్టుకుని బావిలోకి దిగాడు.

దిగగానే తాడు పైకి పోయింది. గట్టు మీద పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. పండ్ల ఎగుమతి కంపెనీ ప్రతినిధినని ఊళ్ళో చెప్పుకుంటున్న రాహేలమ్మ. పక్కనే పిస్టలుతో ఫెర్గస్.

కాలు మోపే సందులేని రాతిగోడలు. మోకాలిలోతు బురద. వాచీలోని వైర్‌లెస్ మూగబోయింది. ఎటు చూసినా గోడే, పైన పళ్ళెమంత ఆకాశం. నరసింహకు ఏడుపొచ్చినంత పనైంది. పైన రంపం చప్పుడు మొదలై, కాసేపటికి ఆగింది. పెట్రోలు వాసన దిగింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

“దొరా, నువ్వు కోసింది మామూలు కొమ్మ. చెప్పు నేనే మార్చినా. చెట్టు కాలిందంటే అసలుది నీకూ దక్కదు” అని నరసింహ కేకేశాడు.

అగ్గిపుల్ల ఆర్పేశారు. అసలు కొమ్మ ఏదని ఫెర్గస్ అరిచాడు. పైకి లాగితే చూపిస్తానన్నాడు నరసింహ.

చాలాసేపటికి తాడు దిగింది. గిలక కిర్రుమంది. నరసింహ సగం దూరం పైకొచ్చాక తాడు ఆగిపోయింది.

రాహేలమ్మ గట్టు మీంచి వంగింది. “ఏమప్పా, ఈ యేడు వానలొస్తాయా?”

“చీనీకి... తడి చాలు.”

తాడు కదిలింది. పైకొచ్చి చూస్తే ఫెర్గస్ రెండు చేతులా తాడు లాగుతున్నాడు, అతని పిస్టలు రాహేలమ్మ చేతిలో అతని చెవికి ఆని ఉంది. రంపం కూడా ఆమె చేతికే ఇచ్చి పిస్టలు వదలని ఫెర్గస్ రెండు చేతులూ ఒక పనిలో పడే క్షణం కోసమే ఆమె పొద్దున్నుంచీ కాచుకుంది.

సాయంత్రం ఓబులేసు వచ్చి, ఫెర్గస్ సంచీలో తడిగోనె చుట్టిన కొమ్మను చూసి నెత్తి పట్టుకున్నాడు.

“ఇదేందప్పా, అసలుదాన్నే కోసినారే. జనాల కన్ను దీని మీద పడకుండా పక్క కొమ్మకు గదా నేను చెప్పు కట్టింది.”

ఓబులేసు మొగ్గలింకా పచ్చిగానే ఉండాయంటూ కత్తి తీసి అంటుకట్టడానికి కూర్చున్నాడు.

రిపోర్టులో నరసింహ “కొమ్మ సురక్షితం” అని మాత్రం రాశాడు. చెప్పు సంగతి రాహేలమ్మ రాసింది.