నల్ల అద్దం వెనక నాలుగు నిమిషాలు

"జనం కనపడకూడదండీ హరిణి గారూ. ఫొటోలో బంగళా ఒక్కటే పడాలి," అన్నారు మేనేజర్ వీరరాఘవయ్య గారు.

జూబ్లీ హిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే పాత బంగళా అది. సాయంత్రం పూట వాకిలి నిండా లైట్‌బాయ్‌లు, మేకప్ వాళ్ళు, టీ గ్లాసులు. అయినా నాకిది చిన్న పనే. కెమెరా లెన్స్ ముందు వెలుతురు తగ్గించే నల్ల అద్దం బిగించి, షట్టర్ నాలుగు నిమిషాలు తెరిచి ఉంచితే చాలు. అటూ ఇటూ తిరిగేవాళ్ళెవరూ ఫొటోలో పడరు. కదలకుండా ఉన్నవే పడతాయి.

మా ఆయన సిద్ధార్థ డాన్స్ అసిస్టెంటు. పోయిన ఎండాకాలం షూటింగ్ నుంచి వస్తుంటే లారీ గుద్ది పోయారు. నాకు ఇంతవరకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు. రాయి అంటారు మా ఆడపడుచులు. అననీ, నాకేం పోయింది? తింటున్నాను, పని చేసుకుంటున్నాను, ఏమీ అనిపించట్లేదు. చిన్నికి ఏమన్నా అవుతుందేమోనన్న భయం ఒక్కటే మిగిలింది.

చిన్ని మా కూతురు. ఐదేళ్ళది. క్షణం కుదురుండదు. నేను షట్టర్ తెరిచి దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలూ పావురాల వెంటపడి పరిగెత్తుతూనే ఉంది. ఒట్టు.

కెమెరా తెర మీద ఫొటో వచ్చింది. వాకిలి ఖాళీ. బంగళా. మెట్లు... మెట్ల మీద సిద్ధార్థ. చొక్కా గుండీలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఒళ్ళో చిన్ని.

తలెత్తాను. పావురాలున్నాయి. పిల్ల లేదు... మెట్ల మీద ఉంది. ఒక్కతే. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"చిన్నీ, లే. ఇంటికెళ్దాం."

గుసగుసగా అంది. "నాన్న కదలొద్దన్నారు. కదిలితే తనకి నేను కనపడనంట."

పరుగెత్తి ఎత్తుకున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది. ఎత్తుకున్నా కాళ్ళు చాపలేదు. కూర్చున్నట్టే ఉంది... గాలిలో. బామ్ వాసన. రోజంతా గెంతి వచ్చి మోకాళ్ళకి రాసుకునేవారు ఆయన.

"నువ్వూ ఆగమ్మా," అంది చెవిలో. "నిన్నూ చూడాలంట."

కెమెరా దగ్గర ఎవరూ లేరు. షట్టర్ తెరుచుకున్న చప్పుడైంది.

పిల్లని తీసుకుని పారిపోవాలి. తెలుసు. పోలేకపోయాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. భుజం మీద ఒక చెయ్యి పడింది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు, ఇన్నాళ్ళవీ కలిపి. తుడుచుకోలేదు.

చీకటి పడింది. యూనిట్ వాళ్ళు సామాన్లు సర్దుకుని మా పక్కనుంచే దిగి వెళ్ళిపోయారు. వీరరాఘవయ్య గారు మా ఎదురుగానే నిలబడి నాకు ఫోన్ చేస్తున్నారు.

"కెమెరా వదిలేసి తల్లీకూతుళ్ళు ఎటు పోయారయ్యా?"

"గిప్పటిదాకా గీడనే ఉండె సార్," అన్నాడు వాచ్‌మన్.

నా బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది. వాళ్ళకి వినపడట్లేదు.

షట్టర్ మూసుకున్న చప్పుడు ఇంకా రాలేదు...