మాగ్నెటో విప్పిన రోజు

"దాన్ని ఆ ట్రాక్టరు దగ్గరికి రానివ్వకండి! నా కొడుకు చెయ్యి విరగ్గొట్టింది చాలదూ!"

జ్ఞానమ్మ అరుపుకి కోడలు రిబ్కా చేతిలో మంచినీళ్ళ చెంబు తొణికింది. తెనాలి నుంచి వచ్చిన మెకానిక్కు రంగనాయకులుకి నీళ్ళిద్దామని వాకిట్లోకి వచ్చింది... అంతే! చెంబు అరుగు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది.

"ఒరే జార్జీ! బండి బాగయ్యాక దీన్ని రేపల్లెలో వాళ్ళమ్మ దగ్గర దింపి రా" అంది జ్ఞానమ్మ. జార్జి భార్య వైపు చూడలేదు. కాదనలేదు కూడా!

మామగారు అబ్రహాముకి ఆ పాత కిరసనాయిలు ట్రాక్టరంటే ప్రాణం. అమృతలూరులో ఆయనకున్న రెండెకరాలతో పాటు ఊళ్ళోవాళ్ళ చేలు కూడా దున్ని, ఆ ఇంటికి అన్నం పెట్టింది అదే. ముందు నిలబడి హ్యాండిలు తిప్పితే గాని లేవదు. పోయిన ఏడు దుక్కి రోజున జార్జి హ్యాండిలు తిప్పుతుంటే, రిబ్కా సీటు దగ్గర మీట వెనక్కి లాగి పట్టుకుంది. ఇంజనులో మంట తొందరపడి ముందే అంటుకోకుండా ఆపేది ఆ మీటే. ఒక్క తిప్పు... హ్యాండిలు ఎదురు తన్నింది! జార్జి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని వేళ్ళు మళ్ళీ పిడికిలి పట్టలేదు. హ్యాండిలు తన్నిన క్షణంలోనే ఉయ్యాల్లో బిడ్డ ఏడ్చింది. "బిడ్డ ఏడుపు విని మీట వదిలేసింది" అంది అత్తగారు. అందరూ నమ్మారు... కట్టుకున్నవాడు కూడా!

రిబ్కా మీట వదల్లేదు. మర్నాడు ట్రాక్టరు తుడుస్తూ ఇంజను పక్కనున్న మూత తీసి చూసింది. ప్లగ్గులకు మంటనిచ్చే మాగ్నెటోని మామగారే దుక్కికి ముందురోజు విప్పి, శుభ్రం చేసి బిగించారు. పళ్ళచక్రాల మీది ఎర్రరంగు చుక్కలు రెండూ కలవాలి. పానాలు అందిస్తూ ఆమె ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడవి కలవలేదు... శుక్లాలు కమ్మిన కళ్ళతో ఆ పెద్దాయన తడుముకుని బిగించారు! ఇంట్లో ఆయన కొడుకు చెయ్యి తలుచుకుంటూ, అన్నం మానేసి ప్రార్థిస్తున్నారు. ఇది తెలిస్తే ఆయన బతకరు... ప్రభువా, ఈ నింద నా మీదే ఉండనీ! అనుకుని మూత పెట్టేసింది. అప్పట్నుంచీ ఆ బండిని ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడు రంగనాయకులు మాగ్నెటో తీసేసి బ్యాటరీ, కాయిలు, సెల్ఫు పెడుతున్నాడు. ఇక హ్యాండిలుతో పనే ఉండదు. మూత విప్పబోతుంటే రిబ్కా అడ్డం వచ్చింది.

"అన్నయ్యా, ఎటూ తీసేసేదేగా... దాన్ని చూడ్డమెందుకండి? గోనెలో వేసెయ్యండి!"

"మధ్యలో నీ పెత్తనమేంటే?" జ్ఞానమ్మ కసిరింది.

రంగనాయకులు అప్పటికే వంగి చూస్తున్నాడు. "దీన్ని ఆఖరుసారి ఎవరు బిగించారండి?"

"నేనే. ఏం?" అన్నారు అరుగు మీంచి అబ్రహాము.

"ఒక పన్ను తప్పిందండి. ఇలా ఉంటే మీట ఎంత లాగిపట్టినా హ్యాండిలు ఎదురు తంతుంది."

అబ్రహాము తడుముకుంటూ వచ్చి ఆ చక్రం మీద వేలు పెట్టారు. తర్వాత కోడలి వైపు తిరిగారు.

"అమ్మా రిబ్కా... నీకు ముందే తెలుసు కదూ? అందుకేనా గోనెలో వెయ్యమన్నావు?"

ఆమె తల వంచుకుంది. "మామయ్యా... ఆయన చెయ్యి ఎలాగూ విరిగింది. మీ మనసు కూడా విరిగితే ఇల్లు ఎలా నిలబడుతుందండి?"

జార్జి తన వంకర వేళ్ళు చూసుకున్నాడు. "నీకు నోరు లేదుటే? నా దగ్గరైనా అనొచ్చు కదా..." అన్నాడు. "నేనైనా నిన్ను అడక్కుండానే అమ్మ మాట నమ్మేశాను..."

అబ్రహాము రెండు చేతులూ జోడించబోతే రిబ్కా గబుక్కున పట్టుకుంది. ఆ పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. జ్ఞానమ్మ మాత్రం గోడకు ఆనుకుని నేల చూస్తూ కూర్చుండిపోయింది.

పొద్దు వాలేసరికి పని ముగిసింది. "ఎవరు స్టార్ట్ చేస్తారండి?" అన్నాడు రంగనాయకులు. అబ్రహాము వద్దన్నట్టు తల ఊపారు. జార్జి కదల్లేదు. ఆ ట్రాక్టరంటే ఇంట్లో అందరికీ భయమే!

జ్ఞానమ్మ మెల్లగా లేచి వచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని ట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎక్కు."

"అత్తయ్యా! నేనా... మళ్ళీ ఏమన్నా అయితే?"

జ్ఞానమ్మ ఆ చెయ్యి వదల్లేదు. "అయితే... నేనే ఎక్కమన్నానని ఊరందరికీ చెప్తానే, తల్లీ!"