ఫోన్ ఎవరి పేరు మీద ఉంది?

2007 మే 23, బుధవారం. పొద్దున్నే వడగాలి మొదలైంది. మహారాష్ట్రలోని మా బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్‌లో ఆ నెలలో ఆకాశం నీలంగా ఉండదు. బొగ్గు దుమ్ముతో బూడిద రంగులో వేలాడుతుంది. చాయ్ మీద మీగడ కన్నా ముందు దుమ్మే కడుతుంది.

మా పక్కింటి పోచన్న గనిలో పనిచేసేవాడు. భార్య రాజక్క. ఆ ఏడే సెల్‌ఫోన్ కొన్నాడు. ఎవరో కంపెనీవాళ్లు మా వాడకొచ్చి ‘ఫోన్ డాక్టర్’ అని ఒకటి పెట్టారు. ఆ నంబరుకు కొడితే డాక్టరు మాట్లాడతాడు, అవసరమైతే బండి పంపుతాడు. కంప్యూటర్లో ఎక్కేది మాత్రం ఫోన్ ఎవరిదో వాళ్ల పేరు. వాడంతా మగ పేర్లే ఎక్కాయి.

“రాజక్కకూ ఒకటి కొనియ్యరాదురా” అన్నాను.

“ఆడిదానికి ఫోనెందుకు కాకా? ఎవనితోటి ముచ్చట పెడ్తది?” పోచన్న ఖర్రా పొగాకు నములుతూ పళ్లికిలించాడు. చొంగ గడ్డం మీదికి జారింది.

పేర్లంటే గుర్తొచ్చింది. మా ఆవిడ బతికినన్నాళ్లూ నా పేరు పలకలేదు. రేషన్ దుకాణంలో అడిగితే పక్కవాళ్ల వంక చూసేది. మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా రాజురా వైపు ఆడవాళ్ల నమ్మకం. రాజక్కదీ అటువైపే. కాలేజీ చదువు చదివినవాణ్ణి కదా, నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను.

ఆ బుధవారం పోచన్న ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, మరిచిపోయి డ్యూటీకి పోయాడు. వాళ్ల కూతురు విద్య అమ్మమ్మ ఊళ్లో ఉంది. నేను కళ్లు చూపించుకోవడానికి చంద్రపూర్ పోయాను. వడగాలికి వాడలో తలుపులన్నీ మూసే ఉన్నాయి.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి వాళ్లింటి ముందు జనం. వంటింట్లో నెత్తుటి మడుగులో రాజక్క. కడుపుతో ఉందని ఎవరికీ చెప్పలేదట. చేతిలో ఫోన్. పోచన్న ముందు ఆ ఫోనే అందుకున్నాడు. ఆమె కొంగుతోనే తుడిచి, పనిచేస్తుందా అని నొక్కి చూశాడు.

దినాలు అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, పోచన్న మా ఇంటికొచ్చాడు.

“కాకా... గీ ఫోన్ మాట్లాడుతుంది. బ్యాటరీ తీసిన. అయినా ఆగుతలేదు.”

బల్ల మీద పెట్టాడు. వెనక మూత లేదు. లోపల ఖాళీ.

ముందు వాసన వచ్చింది... ఎండకు మురిగిన నెత్తుటి వాసన. బటన్ల సందుల్లోంచి ఏదో నల్లగా, జిగటగా ఊరుతోంది. తర్వాత గొంతు. కంపెనీ పిల్ల, మరాఠీలో.

“ఫోన్ కోణాచ్యా నావావర్ ఆహే, మావశీ?” ఎవరి పేరు మీద ఉందని అడుగుతోంది.

“విద్య నాయనది బిడ్డా...” రాజక్క గొంతు! “నెత్తురు ఆగుతలేదు...”

“విద్యానాయన్? అసం నావ్ నాహీ.” కంప్యూటర్లో అలాంటి పేరే లేదట. అసలు పేరు చెప్తేనే బండి పంపుతుందట.

“మా ఇంటాయన... నా నోట ఎట్ల చెప్పాలె బిడ్డా...”

లైను తెగింది.

ఫోన్ ఆగలేదు. మూలుగు... చాలాసేపు మూలుగు. తర్వాత మెల్లగా...

“పోచన్న.”

వాడు దగ్గాడు.

“పోచన్న... పోచన్న...”

వడ్లు దంచినట్టు, ఆగకుండా. ఒక్కో పిలుపుకు వాడి బుగ్గలు లోపలికి దిగుతున్నాయి. పెదవుల మూల నల్లటి చొంగ.

“ఆపుమను కాకా...” గుసగుసగా అన్నాడు.

జాలి కలగాలి. రోతే కలిగింది.

వానలు పడకముందే పోచన్న పోయాడు.

ఇల్లు, స్కూటరు, బాబుపేట్‌లో ప్లాటు, అన్నీ తమ్ముడు రాజంకు దక్కాయి. ఇల్లు చేరగానే ఫోనూ జేబులో వేసుకున్నాడు. “అమ్మ పట్టుకున్న ఫోనన్న ఇయ్యి చిన్నాయనా” అని విద్య అడిగింది.

“ఆడిపిల్లవు, ఫోనెందుకే నీకు?” అని నవ్వాడు.

విద్యకు ఏమీ దక్కలేదు.

మొన్న మధ్యాహ్నం గోడ అవతల అదే ఆడగొంతు వినిపించింది. ఏదో కొత్త పేరు కూడబలుక్కుంటోంది.

“రా... జం...”