పాత వెర్షన్ ఆగడం లేదు

మా ఆసుపత్రి రిజిస్టరంతా మెట్ల కింద గదిలో ఉన్న ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తుంది. ఆ గదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా ట్యూబులైటు వెయ్యాల్సిందే. ఎప్పుడూ వేడెక్కిన దుమ్ము వాసన, మిషన్ ఫ్యాను రొద. దాన్ని చూసుకునేది నేనే.

నాకు ముందు పదేళ్లు చూసుకున్నది మాస్టారు. ఎవరికీ పాఠం చెప్పకపోయినా ఆయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు. నేను సర్వర్‌ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ తెచ్చిన రోజు ఆయన ఒక్కటే అడిగాడు.

"పాతదీ కొత్తదీ ఒకే మిషన్‌లో పెట్టకమ్మా. రెండూ ఒకే దారిన జవాబివ్వాలని చూస్తాయి. ఒకటి రెండోదాన్ని బతకనివ్వదు. నెల రోజులు టైమివ్వు. రికార్డులు దింపుకుని పాతదాన్ని నేనే తీసేస్తాను."

"నెల రోజులు దాంతోపాటు మిమ్మల్ని కూడా మొయ్యాలా మాస్టారూ? మీక్కూడా అప్‌డేట్లు ఆగిపోయినట్టున్నాయి."

మీటింగులో అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయాడు, కుదర్లేదు. ఎదుటివాడు తడబడిన చోటే ఇంకో దెబ్బ వెయ్యడం నాకలవాటు. వేశాను. సాయంత్రానికల్లా ఆయన్ని ఉద్యోగంలోంచి పంపించేశారు. పది రోజులకే పోయాడట. చూడ్డానికి కూడా వెళ్లలేదు నేను.

రెండు వెర్షన్లూ ఆ ఒక్క మిషన్‌లోనే పెట్టాను. పాతదాన్ని ఆపేసి ఉంచాను, అంతే.

ఆయన పోయాక వచ్చిన ఆదివారం, పై వార్డులో మా తమ్ముడున్నాడు. అపెండిక్స్ ఆపరేషనై రెండో రోజు. నాలుగింటికి రిజిస్టర్ తెరిస్తే పాత తెర వచ్చింది. ఆపాను. మళ్లీ లేచింది. మళ్లీ ఆపాను... లేచింది. విసుగొచ్చి కరెంటు వైరు పీకేశాను.

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తెర మీద మా తమ్ముడి పేరు. చేరిన తేదీ సరిగ్గానే ఉంది. పక్కన, మరణించిన సమయం: 4.10. నా ఫోన్‌లో ఇంకా 4.05.

వార్డుకి ఫోన్ చేశాను. "సిస్టర్, మావాడెలా ఉన్నాడు?"

"ఇప్పుడే ఊపిరాడట్లేదంటున్నాడు. డాక్టరుగారొస్తున్నారు, పెట్టెయ్యండి."

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి, ఒంటి వేలితో కొట్టినట్టు. మాస్టారలాగే కొట్టేవాడు.

రెండూ ఉండవమ్మా. ఒకటి తీసెయ్.

కింద రెండు పేర్లు. తమ్ముడిది. నాది.

"మాస్టారూ... వాడేం చేశాడు?" గొణిగాను.

వాదించకు.

మెడ వెనక వెచ్చటి గాలి... వెనక గోడ తప్ప ఏమీ లేదు.

4.09. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా వేలు ముందు తమ్ముడి పేరు మీదికే పోయింది. అక్కడే ఆగింది. చివరికి నా పేరు మీద నొక్కాను.

ఫ్యాను ఆగిపోయింది. నాకేమీ కాలేదు.

మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి నర్సు గొంతు తేలిగ్గా ఉంది. "బానే ఉన్నాడండీ. వాళ్లక్కొచ్చి చెయ్యి పట్టుకోగానే కుదుటపడ్డాడు."

"వాళ్లక్కని నేనే సిస్టర్. కింద ఉన్నాను."



"ఎవరండీ మీరు? ఆ అమ్మాయి ఇక్కడే ఉంది. నడుం దాకా జడ..."

ఆ జడ నేను కత్తిరించుకుని రెండేళ్లయింది.

ఫోన్‌లో తమ్ముడి గొంతు నీరసంగా వినపడింది. "ఎవరటక్కా?"

నా గొంతే జవాబిచ్చింది.

"ఎవరో లేరా. పెట్టెయ్యమను."